ఎడమ చేతి గాజులు

పోయిన వారం పేరంటాలును తెనాలి బస్టాండులో దించి, ఆమె ఎందుకొచ్చిందో చెప్పకుండానే చక్కా పోయాను. అందుకు మీలో కొందరికి నా మీద కోపం వచ్చిందట. రావలసిందే. కథను సరిగ్గా అక్కడ ఆపినవాణ్ణి నేను, నాకే వారమంతా సరిగ్గా అన్నం సయించలేదు. ఈ వారమే పత్రిక పట్టుకున్నవాళ్ళ కోసం మాత్రం నాలుగు ముక్కల్లో చెప్పి లోపలికి పోదాం.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు, నిజాంపట్నం పక్క పల్లె నుంచి వేటకు వెళ్ళిన సింగయ్య పడవ తిరిగి రాలేదు. అందులో ఏడుగురు. ఒక్క శవమూ దొరకలేదు. ఆరుగురి భార్యలు పెద్దలు చెప్పిన రోజున ఏడ్చి గాజులు తీసేశారు. ఏడో మనిషి, సింగయ్య భార్య పేరంటాలు తియ్యలేదు. పదహారు నెలలు దాటినా తియ్యలేదు. ఆ ఏడుగురి గుర్తుగా ఒడ్డున నిలబెట్టడానికి చాంద్ బాషా ఒక కంచు పడవను పోతపోశాడు. మనుషులు లేని పడవ. లోపల ఏడు తెడ్లు, పైన తెరచాప. ఆ తెరచాపకి ఏడు గాజు పట్టీలు, ఒక్కోటి ఒక్కో ఇల్లాలి గాజులు కరిగించి పోసింది. ఆరు పట్టీలు పూర్తయ్యాయి. ఏడో చోటు ఖాళీ. పల్లెలో దిమ్మె కట్టి సున్నం కూడా వేసి కూర్చున్నారు గానీ, పేరంటాలు ఊ అనందే పడవ అక్కడికి పోదు. ఆ పేరంటాలే రేపల్లెలో బస్సు మారి, చాంద్ బాషా భార్య హమీదా వెంట వచ్చింది. మనసు మార్చుకుని గాజులివ్వడానికే వస్తోందని హమీదా దారి పొడుగునా సంతోషపడుతూనే ఉంది.

"ఏడో తెడ్డు కోసెయ్యి బాబాయ్," అంది పేరంటాలు షెడ్డులో అడుగు పెట్టీ పెట్టగానే. చేతిసంచి కూడా కింద పెట్టలేదు.

అంగలకుదురులో రైసు మిల్లు వెనకాల రేకుల షెడ్డు అది. ఒక మూల కొలిమి, ఇంకో మూల మనిషెత్తు ఊక గుట్ట. కొలిమికి గాలి కొడుతున్న బాలస్వామి చెయ్యి ఆగిపోయింది. బాలస్వామి పోతపని మేస్త్రి. గుడిగంటలూ చర్చి గంటలూ ఒకే కొలిమిలో పోసి ఇద్దరు దేవుళ్ళ దగ్గరా మంచివాడనిపించుకున్న మనిషి.

చాంద్ బాషా చెయ్యి తుడుచుకుని లేచాడు. యాభై దాటినవాడు. గడ్డం నెరిసింది. గోళ్ళ సందుల్లో ఎప్పటివో రంగులు ఇంకా పోలేదు.

"కూర్చో అమ్మాయ్. ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగు."

"కూర్చోడానికి రాలేదు. పడవలో ఏడు తెడ్లున్నాయంటగా. ఆరు చాలు. మా ఆయన తెడ్డు ఆయన చేతిలోనే ఉంది. నువ్వు కొత్తది చెయ్యక్కర్లా."

హమీదా తెల్లబోయింది. "అదేంటే! నాలుగు గంటలు పక్కన కూర్చున్నావు. ఒక్క మాటన్నా అన్నావా నాతో?"

"అంటే రేపల్లెలోనే దించేసేదానివి పిన్నీ."

"కోయడం కుదరదమ్మా," అన్నాడు చాంద్ బాషా.

"ఏం? రంపం లేదా?"

"రంపం ఉంది. ఇదంతా ఒకే పోత తల్లీ. ముందు మైనంతో పడవ చేశాను. దాని మీద మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి పోయింది. ఆ పోయిన చోట్లోకే కంచు దిగింది. పడవా, తెడ్లూ, తెరచాప చట్రమూ అంతా ఒకటే ముక్క. మళ్ళీ చేద్దామంటే ఆ మైనం కూడా లేదు."

బాలస్వామి అప్పుడు నోరు విప్పాడు. "కోసిన చోటు కనపడుద్దమ్మా. ఎంత రుద్దినా కనపడుద్ది. ఏడో మనిషి బతికున్నాడని అనుకోరు ఎవరూ. ఏడో మనిషిని కోసేశారనుకుంటారు."

పేరంటాలు చేతిసంచిని ఇంకో చేతికి మార్చుకుంది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. మనిషి బక్కచిక్కింది గానీ గొంతు తగ్గలేదు.

"అయితే ఆ పట్టీ అన్నా వేరే గాజుతో పొయ్యండి. చాలకపోతే సోడాబుడ్డి పెంకులు కలుపుతారంటగా. అవే పొయ్యండి. నా గాజులు మాత్రం అడగమాకండి. ఇవి నా చేతులారా మీకిచ్చిన రోజున ఆయన చచ్చిపోయినట్టు. సముద్రం కాదు, నేను చంపినట్టు."

ఆ గాజులు ఆకుపచ్చవి. ఉప్పెనకు వారం ముందు హమీదా తన గాజుల మలారం విప్పి, ఆ పల్లెలో అరుగు మీద కూర్చుని స్వయంగా తొడిగింది. చేతికి డజను చొప్పున తొడిగింది. పేరంటాలు వాటిని ఎలా కాపాడుకుందో చూసినవాళ్ళు చెప్పాలి. చేపలు ఎండేసేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు, గాజుల మీద పాతగుడ్డ చుట్టుకుని పనిలోకి దిగేది. అయినా గాజు గాజే. ఒక్కొక్కటే చిట్లి, కుడి చేతికి ఐదూ ఎడమ చేతికి నాలుగూ మిగిలాయి. హమీదా వాటివంక చూడలేక కొలిమివంక చూసింది. ఉప్పెన తర్వాత ఆవిడ మలారం భుజాన వేసుకుని ఆ పల్లెలోకి మళ్ళీ పోలేదు.

"సరే," అన్నాడు చాంద్ బాషా. "నీ గాజులు అడగను. ఇంకోళ్ళ గాజు కూడా ఆ చోట్లో పెట్టను. ఖాళీగానే ఉంచుతాను. కానీ ఒక్కసారి చూసి వెళ్ళు. చూడకుండా కోసెయ్యమంటే నాకు కష్టంగా ఉంది."

పడవ మీద కప్పిన గుడ్డ పట్టుకున్నాడు. అది మామూలు గుడ్డ కాదు, ఒకప్పటి నాటకాల తెర ముక్క. అడవి తెర. సగం చెట్టూ, ఒక జింక కాలూ ఇంకా కనిపిస్తున్నాయి.

ఆ గుడ్డ తీసేలోపు నన్ను రెండు మాటలు చెప్పనివ్వండి. తెనాలిలో నాటకాలు చూసినవాళ్ళెవరికైనా చాంద్ బాషా తెరలు తెలుసు. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర. పద్యం బాగోకపోయినా తెర బాగుందని జనం కూర్చున్న రాత్రులు ఉన్నాయి. అరవై నాలుగులో బాపట్లలో ఒక చర్చి కిటికీ అద్దాలకు రంగులు వెయ్యమని జ్ఞానానందం పాస్టరు గారు పిలిచారు. అద్దం మీద రంగు వెయ్యడం అప్పటికి ఆయనకి కొత్త. సాయంత్రానికి పని ముగించి కిందికి దిగేసరికి, నేల మీద ఎర్రగా పడి ఉంది. రంగు ఒలికిందనుకున్నాడు. దేవుడి ఇంట్లో ఎంత తప్పు జరిగిందని కంగారుపడి, మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడిచాడు. పోలేదు. గుడ్డ కూడా ఎర్రబడింది. ఇంకా గట్టిగా తుడిచాడు. చెయ్యి కూడా ఎర్రబడింది. అప్పుడు తలెత్తి కిటికీని చూశాడు. పశ్చిమాన సూర్యుడున్నాడు.

ఆ రోజు నుంచి ఆ మనిషి చెడిపోయాడు. ఇది నా మాట కాదు, హమీదా మాట. గుడ్డ మీద రంగు వేస్తే చచ్చిన చేపలా కనిపించేదట ఆయనకి. తనలోంచి వెలుగు దాటి రాని రంగు రంగే కాదన్నాడు. హమీదా మలారంలో చిట్లిన గాజులన్నీ ఏరి కరిగించడం మొదలుపెట్టాడు. ఎన్ని పాడయ్యాయో లెక్కలేదు. పోసిన గాజును కాలే ఊకబూడిదలో పూడ్చి మూడు రోజులు ముట్టుకోకూడదు, మెల్లగా చల్లారాలి. ఈయనేమో పెయింటరు. రంగు ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడకపోతే ఆ జాతికి నిద్ర పట్టదు. మొదటి రోజే బూడిద తవ్వి వేలు పెట్టేవాడు. గాజు టప్పున పగిలేది. మూడు రోజులు ఓపిక పట్టడం నేర్చుకోవడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. గాజు చేతికొచ్చాక దాన్ని పట్టుకునే చట్రం కావలసి వచ్చింది. కొయ్య పుచ్చిపోయింది, ఇనుము తుప్పు పట్టింది. అలా బాలస్వామి దగ్గరికీ కంచు దగ్గరికీ వచ్చాడు. నలభై దాటాక కొలిమి ముందు కూర్చుని మళ్ళీ అక్షరాభ్యాసం చేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఇలాంటి మనిషి నా కథలోకి రావడం నా అదృష్టం, అంతే.

చాంద్ బాషా గుడ్డ లాగాడు.

పేరంటాలు ముందు పడవను చూడనే లేదు. తొమ్మిది గంటల ఎండ తూర్పువైపు నుంచి షెడ్డులోకి ఏటవాలుగా వస్తోంది. దానికి అడ్డంగా పీట మీద రెండు మూరల పడవ. ఎదుట సున్నం కొట్టిన గోడ. ఆ గోడ మీద ఆరు రంగులు అడ్డంగా, వరసగా వచ్చి నిలిచాయి. ఎరుపు, నీలం, పసుపు, ఊదా, మళ్ళీ ఇంకో ఎరుపు, తేనెరంగు. గోడ మీద వేసినట్టు లేవు, గోడలోంచి వస్తున్నట్టు ఉన్నాయి. బయట చెట్టుకొమ్మ ఏదో కదిలితే అవీ కదిలాయి. బాలస్వామి ఆ పడవను నెలల తరబడి చూస్తున్నవాడే, అయినా తలకి కట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు ఇక్కడ మాటలు చాలడం లేదు. మాటలమ్ముకు బతికేవాణ్ణి అలా అనకూడదు, అయినా అంటున్నాను.

పేరంటాలు సంచి కింద పెట్టింది.

మెల్లగా గోడ దగ్గరికి నడిచింది. ఎరుపు మీద వేలు పెట్టింది. వేలు ఎర్రబడింది.

"ఇవి పున్నమ్మత్తవి," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "మేనల్లుడి పెళ్ళికి తొడిగించుకుంది. ఈ నీలం వెంకటసుబ్బులుది. నీలం తప్ప వేసుకునేది కాదు. ఈ పసుపు..." వేలు పసుపు మీదే ఆగిపోయింది.

"వెనక్కి తిరిగి, వెలుగులోకి చెయ్యెత్తమ్మా," అన్నాడు చాంద్ బాషా.

ఆమె తిరిగి ఎడమ చెయ్యి నిలువుగా ఎత్తింది. గాజులు మోచేతివైపు జారాయి. వాటి పైన, ఉత్త చర్మం మీద, ఆరు రంగులు సన్నగా చుట్టుకున్నాయి. రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు, ముంజేతి మీద గాజుల్లాగే నిలిచాయి. వాటి మధ్య ఒక్కచోట మాత్రం మామూలు ఎండ. తెల్లగా, ఏ రంగూ లేకుండా. అది ఏడో ఖాళీలోంచి వచ్చిన వెలుగు.

హమీదా "యా అల్లా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త ఏం చేస్తున్నాడో ఆవిడకి ఇంతకాలం తెలుసనే అనుకుంది. తెలియదని ఇప్పుడు తెలిసింది.

"మీ పల్లెలో పొద్దు సముద్రం మీంచి లేస్తుంది కదా," అన్నాడు చాంద్ బాషా. "దిమ్మె మీద పడవ పెడితే, పొద్దున్నే వచ్చి ఇలా చెయ్యెత్తినవాళ్ళకి..."

"వాళ్ళ గాజులు వాళ్ళకొస్తాయి," అంది పేరంటాలు.

"మబ్బు లేని రోజున వస్తాయి."

ఆమె ఎత్తిన చెయ్యి దించలేదు. ఆ ఆరుగురూ ఉత్త చేతులతో నీళ్ళు తోడుకోవడం ఆమె రోజూ చూస్తోంది. బావి దగ్గర తన గాజుల చప్పుడు వినపడితే వాళ్ళు తలలు పక్కకి తిప్పుకోవడం కూడా చూస్తోంది. తను పట్టుదలగా ఉన్నాననే ఇంతవరకూ అనుకుంది. వాళ్ళకి రావలసిన వెలుగుకు అడ్డం నిలబడ్డానని ఆమెకెప్పుడూ తట్టలేదు.

"ఇన్నాళ్ళూ నా మూలాన వాళ్ళకి ఇది లేకుండా పోయింది బాబాయ్," అంది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

"నువ్వివ్వకపోయినా పడవ పంపిస్తానమ్మా. ఖాళీతోనే పంపిస్తాను. మీ పెద్దలతో నేను మాట్లాడతాను."

"వద్దు. ఖాళీ చూసినప్పుడల్లా ఆయన గురించి కాదు, నా గురించి మాట్లాడుకుంటారు జనం." ఎడమ చెయ్యి హమీదా ముందుకు చాపింది. "పిన్నీ, ఈ చేతివి తియ్యి. నాలుగూ ఇచ్చేస్తాను. కుడి చేతివి ఉంటాయి. ఎడమ చెయ్యి వాళ్ళ ఆరుగురితో ఉంటది. కుడి చెయ్యి ఆయన కోసం ఉంటది."

అలా ఒక చేతికి గాజులుంచుకోవడం ఏ కులంలోనూ, ఏ మతంలోనూ ఎవరూ విన్నది కాదు. తప్పనిపించిందేమో, బాలస్వామి ఏదో అనబోయాడు. చాంద్ బాషా చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఒకటి మాత్రం ముందే చెబుతున్నానమ్మా. ఒకసారి కొలిమి మీది మూసలో పడ్డాక మళ్ళీ నీ చేతికి రావు. రేపు మనసు మారినా రావు."

"తెలుసు."

హమీదా సబ్బు నురగ తెచ్చుకుని నేల మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా వేలమంది చేతులు నలిపి గాజులు ఎక్కించిన మనిషి. దించడం ఆవిడ పని కాదు. కొత్త పెళ్ళికూతురికి తొడిగేటప్పటిలా పేరంటాలు అరచేతిని మెల్లగా నలిపి, బొటనవేలు లోపలికి మడిచి, ఒక్కొక్కటే జార్చింది. నాలుగూ చిట్లకుండా వచ్చాయి. తొడిగేటప్పుడు చెప్పే దీవెన అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చి, ఆగిపోయింది. ఆవిడ ఆ చేతిని వదలకుండా కాసేపు పట్టుకునే ఉంది.

బాలస్వామి మళ్ళీ గాలి కొట్టాడు. పేరంటాలు గాజులిస్తుందన్న ఆశతో పొద్దున్నే వేసిన సోడాబుడ్డి పెంకులు మూసలో అప్పటికే కరిగి, ముదురు పాకంలా మెరుస్తున్నాయి. చాంద్ బాషా పటకారు పేరంటాలు చేతికిచ్చి, మొదటి గాజు పటకారు కొసకి తగిలించాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. మొహానికి సెగ కొడుతున్నా వెనక్కి జరగలేదు. గాజు మూసలో పడింది. పడీ పడగానే ఎర్రబడి, ఒక పక్కకి ఒరిగి, మెత్తబడింది.

రెండో గాజు తగిలించుకుంటుండగా గుమ్మం దగ్గర సైకిల్ ఆగింది.

సింగయ్య తమ్ముడు శివయ్య. బాపట్లలో కట్టెల అడితిలో లారీలకు సరుకెత్తే పని చేస్తాడు. చెమటలు కక్కుతున్నాడు. వెనక క్యారియర్ మీద గోనెపట్టాలో చుట్టిన చెక్క ఉంది.

"వదినా! పల్లెకి పోతే ఇక్కడికి వచ్చావన్నారు. తెనాలి దాకా బస్సులో వచ్చి, ఈ సైకిలు అడిగి తీసుకున్నా." గోనె విప్పాడు. "ఇంక ఎదురుచూడమాకు వదినా. అన్న పడవ దొరికింది. ముక్కలై దొరికింది. కాకినాడ వైపు నుంచి పాత పడవ చెక్కలు లారీలో కట్టెలకని వచ్చాయి. అందులో ఉంది."

మూరెడు చెక్క. దాని మీద ఒక కన్ను. చివర తోకలా సాగదీసిన కాటుక కన్ను.

ఆ పల్లెలో పడవలకు కళ్ళు వేసే అలవాటు లేదు. సింగయ్య ఒక్కడే తెనాలిలో నాటకం చూసి, తెర మీది రాణి కళ్ళు నచ్చి, తన పడవ ముక్కుకి అలాంటివే వెయ్యమని చాంద్ బాషాను బతిమాలి వేయించుకున్నాడు. పడవకి పెళ్ళి చేస్తావేంట్రా అని ఊరంతా ఏడిపించింది. అది సింగయ్య పడవే. అందులో ఎవరికీ అనుమానం లేదు.

పేరంటాలు చేతిలో పటకారు ఇంకా మూస మీదే ఉంది, కొసన రెండో గాజు ఊగుతోంది.

"వెయ్యి వదినా," అన్నాడు శివయ్య ఏడుస్తూ. "ఇంక వేసెయ్యి."

చాంద్ బాషా చెక్క తీసుకున్నాడు. పదిహేనేళ్ళ కిందటి తన చేతిపని. గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండకి ఏటవాలుగా పట్టాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అలవాటు చొప్పున వేలు పెట్టాడు. వేలితో నొక్కి, గోటితో గీరి, మళ్ళీ నొక్కాడు.

"శివయ్యా, ఉప్పెనలో ఇసుక గీరేసింది దీన్ని. ఈ గీతలు చూశావా?"

"చూశాను బాబాయ్."

"గీతలు పడింది నా రంగు మీద. వాటి పైన ఇంకో రంగుంది. గీతల్లోకి కూడా దిగింది." ఆయన చెక్కను ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఉప్పెన పోయాక ఈ కన్ను ఎవరో మళ్ళీ దిద్దారు. కుంచె కూడా దొరకలేదు వాళ్ళకి. వేలితో దిద్దారు. తోక ఎటు తిప్పాలో తెలిసినవాళ్ళు."

కొలిమికి గాలి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది బాబాయ్ దిద్ది?" అంది పేరంటాలు. అది అడగడానికి ఆమెకు ఉన్న ఊపిరంతా పట్టింది.

"పైన ఆరింది. లోపల ఇంకా మెత్తగానే ఉంది." చాంద్ బాషా తన వేలివంక చూసుకున్నాడు. "ఆర్నెల్లు కూడా కాలేదు తల్లీ."

పేరంటాలు పటకారు వెనక్కి లాక్కుంది. రెండో గాజు దక్కింది. మొదటిది అప్పటికే కరిగిపోయింది.